సర్ అక్బర్ హైదరీ: పైరవి, పరిశ్రమ, బోధను చక్కెర

నిజామాబాదు పట్టణము నుండి పడమరగా బోధనుకు పోవు త్రోవలో శక్కర్‌నగరు కనబడును. చక్కెర పేరనే వెలసిన పేట యది. అధికారుల బంగళాలు, కార్మికుల ఇండ్ల వరుసలు, చెరకు బండ్లు నిలుచుటకై విడిచిన విశాలమైన ఆవరణము, అన్నిటి నడుమ ఒకప్పుడు ఆసియా ఖండముననే పెద్దదని పేరుపొందిన నిజాం చక్కెర ఫ్యాక్టరీ. 1937లో నెలకొల్పబడిన ఈ కర్మాగారము 2015 డిసెంబరు నెలలో మూతపడెను. దీనిని గూర్చి మాటాడువారు ఏడవ నిజామును తలచుదురు. పొలములకు నీరు తెచ్చిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగును తలచుదురు. ధనము కూర్చి, ఆ ధనమును ఏ పద్ధతిని పరిశ్రమలలో పెట్టవలెనో నిర్ణయించిన ఆర్థికసభ్యుని తలచువారు అరుదు. ఆయనయే సర్ అక్బర్ హైదరీ.

కంపెనీలు ప్రభుత్వమును తమవైపు త్రిప్పుకొను విద్యకు మన తెలంగాణమున పైరవి అని పేరు. దర్బారు గడపలు త్రొక్కుట, సిఫారసు జాబులు తెచ్చుట, పదవిలోనున్నవానిని మిత్రుని చేసికొనుట, పదవి విడిచినవానిని డైరెక్టరుగా కూర్చుండబెట్టుట, ఇవన్నియు అందులోనివే. హైదరీ జీవితములో పెద్ద భాగము ఈ పైరవితో పెనగులాటగా గడచెననిన అతిశయోక్తి కానేరదు. మొదట ఆయన దాని ఫలితములను లెక్కల పుస్తకములలో చూచెను. పిదప దానికొక మందు కనిపెట్టెను. తుదకు తానే రాజ్యము పక్షమున పైరవీకారుడై లండను, ఢిల్లీ నగరముల చుట్టు తిరిగెను. ఆ మందు ఎంతవరకు పనిచేసెనో, ఎచ్చట వికటించెనో తెలిసికొనుటకు బోధనుకు మించిన తావు లేదు.

అక్బర్ హైదరీ 1869 నవంబరు 8వ తేదీన బొంబాయిలో సులేమానీ బోహ్రా వర్తక కుటుంబమున జన్మించెను. వారిది జమాఖర్చులు ఉగ్గుబాలతో నేర్చు కులము. సెంటు జేవియరు కళాశాలలో చదివి, 1888లో, పందొమ్మిదేండ్లయినను నిండకముందే, ఇండియా ప్రభుత్వపు ఆర్థికశాఖలో ఉద్యోగియయ్యెను. త్యాబ్జీల ఇంటి ఆడపడుచగు ఆమినాను వివాహమాడెను. 1908లో మూసీ పొంగి హైదరాబాదును ముంచినపుడు ఆ యిల్లాలు బాధితులకు చేసిన సేవకుగాను కైసర్-ఇ-హింద్ పతకము పొందెను. వీరి కుమారునికి కూడ అక్బర్ హైదరీ యనియే పేరు, ఆయన ఐ.సీ.ఎస్. ఉద్యోగియై, స్వతంత్ర భారతమున అస్సాము గవర్నరుగా నుండి 1948లో గతించెను. తండ్రి కొడుకులను ఒకరినిగా భ్రమించి వ్రాసిన వ్యాసములు కొన్ని లేకపోలేదు గనుక ఈ ముక్క చెప్పవలసివచ్చెను.

1905లో నిజాము ప్రభుత్వము హైదరీని ఎరువుపై తెప్పించుకొని అకౌంటెంటు జనరలుగా నియమించెను. హైదరాబాదు నుండి మన్మాడుకు పోవు గోదావరి లోయ రైలు అప్పటికే ఇందూరు మీదుగా నడచుచుండెను. ఆ ఇందూరే ఆ కాలమున నిజామాబాదని పేరు మార్చుకొనెను. రైలు వచ్చుటతో ఊరికి ధాన్యపు వర్తకులు వచ్చిరి, గిడ్డంగులు లేచెను. అయితే పట్టాలు నిజాము నేలపై నున్నను వాటిపై పెత్తనము లండనులో నుండెను. ఈ విపరీతము ఎట్లు కలిగెనో తెలియనిదే హైదరీ చేసిన పని విలువ తెలియదు గనుక ఇరువదేండ్లు వెనుకకు పోవలెను.

1883లో నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే అను కంపెనీ లండనులో ఏర్పడెను. పేరులోనే గ్యారంటీ కలదు. కంపెనీ పెట్టుబడిపై ఏటేట నూటికి 5 వంతున 20 సంవత్సరములపాటు వడ్డీ ముట్టజెప్పుదుమని రాజ్యము హామీ వ్రాసియిచ్చెను. రైలుకు లాభము వచ్చిన వాటాదారుడు అనుభవించును. రాకున్న లోటును రైతు కట్టిన శిస్తు నుండి పూడ్చవలెను. ఇంతకంటె సుఖమైన వ్యాపారము లోకమున మరియొకటి యుండునా! చాందా రైలు పథకమని అప్పుడు జనులు చెప్పుకొన్న ఈ యేర్పాటు షరతులను బయటపెట్టవలెనని హైదరాబాదు నగరమున కొందరు విద్యావంతులు సభలు జరిపిరి. వారిలో ముఖ్యుడు సరోజినీదేవి తండ్రియగు డాక్టరు అఘోరనాథ చట్టోపాధ్యాయుడు. 1883 మే నెలలో ప్రభుత్వము ఆయనను నగరము నుండి వెడలగొట్టెను. కంపెనీ తరఫున మాటాడువారికి దర్బారు తలుపులు తెరచియుండెను. కంపెనీని గూర్చి ప్రశ్నించినవానికి రైలు టిక్కెట్టు దొరికెను.

ఆ తరువాత గనుల వ్యవహారము మరింత ఘోరము. 1886లో వాట్సను, స్టూవర్టు అను ఇద్దరు ఇంగ్లీషువారికి రాజ్యములోని గనులను 99 సంవత్సరముల గడువున తవ్వుకొను హక్కు లభించెను. వారు లండనులో 10 లక్షల పౌనుల మూలధనముతో హైదరాబాదు దక్కను గనుల కంపెనీని స్థాపించి, లక్ష వాటాలలో 85 వేలు ఒక్క పౌనైన చెల్లింపక తామే వ్రాసికొనిరి. నిజాము పక్షమున ఈ బేరము నడపిన ఉన్నతోద్యోగి అబ్దుల్ హఖ్ ఆ వాటాలలో పాలుపొందుటయే గాక, వానిలో కొన్నింటిని తిరిగి నిజాము ప్రభుత్వమే అధికపు వెల యిచ్చి కొనునట్లు చేసెను. యజమాని సొత్తును ఊరక పుచ్చుకొని మరల యజమానికే అమ్మిరన్నమాట. 1888లో బ్రిటిషు కామన్సు సభ ప్రత్యేక సంఘమును నియమించి దీనిపై విచారణ జరిపెను. అబ్దుల్ హఖ్ పదవి పోయెను. గనుల కంపెనీ మాత్రము నిలిచెను. సింగరేణి బొగ్గు చాలకాలము దాని చేతిలోనే యుండెను.

హైదరీ హైదరాబాదు రాజ్యపు లెక్కలు చేపట్టునాటికి ఈ కథలు పాతబడినవి కావు. లంచము పుచ్చుకొన్నవానిని పట్టుకొనుట సులభమే, శిక్షించినచో తీరిపోవును. కాని ఏటేటి బడ్జెటులో వడ్డీ పద్దుగా కూర్చున్న హామీని ఎవరు పట్టుకొందురు? దస్తావేజు సక్రమము, సంతకములు సక్రమము, రెసిడెంటు ఆమోదము సక్రమము. పైరవి ఫలించిన పిమ్మట అది పైరవిగా కనిపింపదు, చట్టముగా కనిపించును.

ఆయన త్వరలోనే ఆర్థిక కార్యదర్శియై, 1911లో హోము కార్యదర్శియయ్యెను. ఉస్మానియా విశ్వవిద్యాలయ స్థాపనకై 1917లో నిజామునకు విన్నపము సమర్పించినది ఆయనయే. దేశభాషలో ఉన్నతవిద్య గరపిన ఆ ప్రయోగము గొప్పదే. ఆ దేశభాష ఉర్దూ యగుటచేత మెజారిటీ ప్రజల భాషలగు తెలుగు, మరాఠీ, కన్నడములు గడపవెలుపల నిలిచినవి. అజంతా చిత్రముల రక్షణకు ఆయన చూపిన శ్రద్ధ వేరొక వ్యాసమునకు తగిన విషయము. నడుమ కొంతకాలము బొంబాయికి మరలిపోయి, 1921లో ఆర్థికసభ్యుడుగా తిరిగివచ్చినది మొదలు రాజ్యపు బొక్కసము తాళము ఇరువది సంవత్సరములు ఆయన చెంతనే యుండెననవచ్చును. ప్రతి శాఖకును మూడేండ్లకొకమారు ఇంత మొత్తమని ముందుగా కట్టడిచేసి, అందులోనే సర్దుకొనవలెనని శాసించెను. చూచుటకిది గుమాస్తా పనివలె నుండును. కాని ఒక్కొక్క మంత్రి కడకు పోయి ఒక్కొక్క పనికి డబ్బు మంజూరు చేయించుకొను కంట్రాక్టరులకు ఇది మొదటి అడ్డుకట్ట.

రెండవ అడ్డుకట్ట రైలు. 1930 ఏప్రిల్ 1న హైదరాబాదు ప్రభుత్వము ఆ కంపెనీని కొని రైలు మార్గములను తన స్వాధీనము చేసికొనెను. అట్టి కంపెనీల బోర్డులలో ఇండియాలో పెద్ద పదవులు చేసి విశ్రాంతి గొన్న దొరలు కూర్చుండుట ఆనాటి వాడుక. వారి మాటకు ఇండియా ఆఫీసులో చెల్లుబడి యుండెడిది. అట్టివారితో దీర్ఘముగా బేరమాడి, అప్పుచేయక కూడబెట్టిన మిగులు ధనముతో ఈ కొనుగోలు సాధించుట హైదరీ ఉద్యోగజీవితమున శిఖరమని మా అభిప్రాయము. నలువదియేడేండ్ల క్రిందట అఘోరనాథుని వెడలగొట్టించిన వ్యవహారము ఈ విధముగా ముగిసెను.

ఇక పరిశ్రమల మాట. స్వతంత్ర రాజ్యములు తమ పరిశ్రమలను కాపాడుకొనుటకు విదేశీ సరకుపై సుంకము వేయును. హైదరాబాదునకు ఆ వెసులుబాటు లేదు. 1802లో ఈస్టిండియా కంపెనీతో కుదిరిన వాణిజ్యపు ఒడంబడిక ప్రకారము సుంకము నూటికి 5 మించరాదు. ఒక వర్తక సంఘము ఒక రాజ్యముతో చేసికొన్న బేరము, ఆ సంఘము అంతరించిన అనేక సంవత్సరములకు కూడ, ఆ రాజ్యపు చేతులు కట్టివేయుచునే యుండెను! సుంకమును పెంచలేనపుడు రాజ్యము తానే మూలధనము పెట్టవలెనని హైదరీ తలపోసి, 1929లో కోటి రూపాయలతో పారిశ్రామిక ట్రస్టు నిధిని స్థాపించెను. కొత్త కంపెనీలలో ఈ నిధి వాటాలు కొనును, అప్పులిచ్చును. కంపెనీ లాభపడిన పక్షమున ప్రభుత్వమును లాభపడును. అదే సమయమున ప్రభుత్వ ప్రతినిధులు బోర్డులో కూర్చుండి లెక్కలు చూతురు. పూర్వము కంపెనీ ప్రభుత్వమున ప్రవేశించెడిది, ఇపుడు ప్రభుత్వమే కంపెనీలో ప్రవేశించెను. ఇదియే ఆయన కనిపెట్టిన మందు.

ఈ మందును పెద్ద మోతాదున వాడినది బోధనులో. మంజీరా నదిపై అచ్చంపేట, బంజేపల్లి గ్రామముల చెంత 1923లో మొదలైన నిజాంసాగరము 1931లో పూర్తియయ్యెను. రెండు లక్షల డెబ్బదియైదు వేల ఎకరములకు నీరందించు తలంపుతో కట్టిన జలాశయమిది. కాలువ త్రవ్వినంతనే పొలము పండదు. పెట్టుబడికి వడ్డీ రావలెనన్న నీటితీరువ రావలెను. తీరువ రావలెనన్న ఎక్కువ నీరు త్రాగి ఎక్కువ డబ్బు తెచ్చు పైరు కావలెను. కాలువ దిగువ నేలలకు చెరకు అట్టి పైరు. కృష్ణా, గోదావరి మండలముల నుండి వ్యవసాయదారులు తరలివచ్చి బోధను, వర్ని, కోటగిరి ప్రాంతములలో స్థిరపడిరి. వారు దిగిన తావులు నేటికిని క్యాంపులనియే పిలువబడుచున్నవి.

అదేకాలమున బ్రిటిషిండియాలో చక్కెర జ్వరము పుట్టెను. జావా చక్కెర పోటీకి తాళలేమని పారిశ్రామికులు టారిఫ్ బోర్డు యెదుట మొరలిడిరి. 1932లో రక్షణ చట్టము వచ్చెను. 1931-32లో 32గా నున్న మిల్లులు 1936-37 నాటికి 137 అయ్యెను. ఉత్తర హిందూస్థానమున చెరకు రైతు మొరయు కొంత వినబడెను. 1934లో చెరకుకు కనీసపు ధర నిర్ణయించు అధికారము రాష్ట్ర ప్రభుత్వముల కిచ్చు చట్టమొకటి చేసిరి. శాసనసభలలో మిల్లుదారులకు మిత్రులుండినట్లే రైతులకును కొందరు మిత్రులుండిరి. ఇరుపక్షముల పైరవీలు ఒకదానితో నొకటి ఢీకొన్నచోట కొంత న్యాయము పుట్టుట కలదు.

1937లో హైదరీ నిజాము కార్యనిర్వాహక మండలికి అధ్యక్షుడు, అనగా ప్రధానమంత్రి, అయ్యెను. ఆ యేటనే బోధనులో చక్కెర ఫ్యాక్టరీ వెలసెను. పారిశ్రామిక ట్రస్టు నిధి నుండి పెద్ద మొత్తము దానికి చేరెను. జానకంపేట నుండి బోధనుకు రైలుశాఖ వేయబడెను. కంపెనీకి స్వంతముగా వేల ఎకరముల చెరకు తోటలేర్పడెను. ప్రభుత్వపు నీరు, ప్రభుత్వపు రైలు, ప్రభుత్వపు ధనము ఒక్కచోట కలిసెను. ఇంత చక్కగా కూర్చిన ఏర్పాటు ఆనాటి స్వదేశ సంస్థానములలో అరుదని ఒప్పుకొనవలెను.

కాని చెరకు స్వభావము తెలిసినవారికి ఇందులోని చిక్కు వెంటనే బోధపడును. వరి ధాన్యమును గాదెలో పోసి ధర వచ్చువరకు ఆగవచ్చును. నరికిన చెరకు ఆగదు. ఒకటి రెండు దినములలో గానుగ చేరనిచో తీపి తగ్గును, బరువు తగ్గును, రైతుకు రూపాయలు తగ్గును. దూరపు మిల్లుకు బండ్లపై తోలుట కుదరదు. బెల్లము వండుకొనవచ్చును గాని అందరును బెల్లమే వండిన దాని ధరయు దిగజారును. కనుక మిల్లు పరిసరమున కొనువాడు ఒక్కడే. ఆ ఒక్కని యింట ప్రభుత్వమే వాటాదారు. నీటితీరువ వేయునదియు ప్రభుత్వమే, చెరకు ధర తక్కువయని మొర వినవలసినదియు ప్రభుత్వమే, ఆ ధర పెరిగినచో డివిడెండు తగ్గునదియు ప్రభుత్వమునకే. అట్టి ప్రభుత్వమును తమవైపు త్రిప్పుకొనుటకు కంపెనీ పెద్దలు ఎవరి గడపయు త్రొక్కనక్కరలేదు. బోర్డు సమావేశమే చాలును.

హైదరీ ఈ చిక్కును ఎరుగడని మేము తలపము. లెక్కలు చూచినవాడు ఎరుగకుండునా? అయితే ఆయన చూపులో సమర్థుడైన అధికారియే ప్రజలకు రక్షణ. నిజాయితీగల ఉద్యోగి బోర్డులో నున్న చాలును. అడుగుటకు ప్రజలెన్నుకొన్న శాసనసభ హైదరాబాదున లేదు. ఉన్న సభలో అధికారులు, వారిచే నియమితులైనవారే అధికులు. అర్జీ పెట్టుకొందమన్న కచేరి భాష ఉర్దూ, పై కచేరి భాష ఇంగ్లీషు. వర్ని పొలములో మడవ త్రిప్పు శిక్మీదారునికి తెలిసినది తెలుగు.

కాలము చేసిన చమత్కారమేమన, ఆ 1937లోనే ఆంధ్రమహాసభ ఆరవ సమావేశము నిజామాబాదు పట్టణమున జరిగెను. రయ్యత్ పత్రికా సంపాదకుడు మందుముల నరసింగరావుగారు అధ్యక్షత వహించిరి. బాధ్యతాయుత ప్రభుత్వము కావలెనను కోరిక అప్పటికి మహాసభలో బలపడుచుండెను. ఆ యూరిలో గుమిగూడిన వారి చేతిలో వాటాలు లేవు, సిఫారసు జాబులు లేవు, తీర్మానములు మాత్రముండెను. బోధను బోర్డు, నిజామాబాదు పందిరి, ఈ రెంటి నడుమ దూరము పదునారు మైళ్లకు మించదు. ఆ మహాసభ గొంతు బోర్డు గదిలోనికి పోవు దారి మాత్రము ఎవరును వేయలేదు.

దారి వేయగలవాడు ప్రధానమంత్రియే. ఆయన బుద్ధి వేరొకదిక్కున నుండెను. 1930 నుండి 1932 వరకు లండనులో జరిగిన రౌండు టేబులు సమావేశములకు హైదరాబాదు ప్రతినిధివర్గ నాయకుడుగా పోయి, అఖిలభారత ఫెడరేషనులో చేరవలసివచ్చినచో తమ రైలు, తమ నాణెము, తమ సుంకములు చెక్కుచెదరరాదని పట్టుబట్టెను. విందులలో, మంతనములలో, లేఖలలో ఆయన చూపిన నేర్పును ఆంగ్లేయులే మెచ్చుకొనిరి. 1928లో సర్ బిరుదు, 1936లో ప్రీవీ కౌన్సిలు సభ్యత్వము లభించెను. బీరారుపై నిజాము సార్వభౌమత్వమును 1936లో నామమాత్రముగనైన అంగీకరింపజేసిన ఒప్పందములో ఆయన హస్తము పెద్దది. పూర్వము కంపెనీలు హైదరాబాదు గడపలో చేసిన పనిని హైదరాబాదు పక్షమున ఆయన లండను గడపలో చేసెను.

ఇంట మాత్రము చేయి కుంచితమయ్యెను. 1938లో స్టేట్ కాంగ్రెసు పుట్టకముందే నిషేధింపబడెను. సత్యాగ్రహులతో చెరసాలలు నిండెను. వందేమాతరము పాడిన విద్యార్థులను, ఆయన స్వయముగా కలగని కట్టించిన ఉస్మానియా విశ్వవిద్యాలయమే బహిష్కరించెను. 1939 జూలైలో అరవముదు అయ్యంగారు సంఘపు సిఫారసులపై సంస్కరణలు ప్రకటింపబడెను. 85 మందితో కూడిన సభలో 42 మంది ఎన్నికగువారు. ఆ యెన్నికయు ఊళ్లను, తాలూకాలను బట్టి కాదు, వృత్తులను బట్టి జరుగవలెనట. జాగీర్దారులకు కొన్ని స్థానములు, వర్తకులకు కొన్ని, పరిశ్రమల యజమానులకు కొన్ని, బ్యాంకులకు, వకీళ్లకు, వైద్యులకు, పట్టేదారులకు, కౌలుదారులకు, కార్మికులకు ఈ రీతినే పంపకము. పరిశ్రమాధిపతి ఇక చాటుగా పైరవి చేయనక్కరలేదు. సభలో కుర్చీయే దొరకును. లక్షలాది రైతులకును, వ్రేళ్లపై లెక్కింపదగిన మిల్లుదారులకును పక్కపక్కనే ఆసనములు వేయుట సమానత్వమని హైదరీ మెదడునకు తోచియుండవచ్చును. మత వైషమ్యము నుండి ఎన్నికలను తప్పించుట తన ఉద్దేశమని ఆయన నమ్మెను. ఆ నమ్మకము కపటమని మేమనము. యుద్ధము వచ్చి ఆ సభ ఆయన జీవితకాలమున కూడనేలేదు.

1941లో ఆయన హైదరాబాదు పదవి విడిచి వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో సమాచారశాఖ సభ్యుడుగా ఢిల్లీకి పోయెను. కొలది నెలలకే, 1942 జనవరిలో, డెబ్బదిరెండేండ్ల ప్రాయమున అచ్చటనే కన్నుమూసెను. గనుల కంపెనీ కాలమునాటి ఉద్యోగులతో పోల్చిన హైదరీ ఎత్తు తెలియును. ఆయన కొన్నవి రాజ్యమునకే కొనెను. నిర్మించినవి రాజ్యమునకే నిర్మించెను.

1948 సెప్టెంబరులో నిజాము ప్రభుత్వము పోయినను చక్కెర ఫ్యాక్టరీ కొత్త ప్రభుత్వముల చేతికి మారి పెంపొందెను. 1956 తరువాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వపు సంస్థయై ఇతర జిల్లాలలో మిల్లులు నెలకొల్పెను. ఇపుడు రైతుకు ఓటున్నది, శాసనసభ్యుడున్నాడు. ధర తక్కువైన ధర్నాకు కూర్చుండు స్వేచ్ఛ కలదు. అయినను నష్టములు పెరిగెను. 2002లో ప్రభుత్వము శక్కర్‌నగరు, ముత్యంపేట, మంబోజిపల్లి మిల్లులలో నూటికి 51 వంతులు ఒక ప్రైవేటు సంస్థ కిచ్చి, 49 వంతులు తానుంచుకొని, నిజాం దక్కన్ షుగర్స్ అను ఉమ్మడి కంపెనీ నేర్పరచెను. ఈ బేరము రాజ్యమునకు నష్టకరమను ఆరోపణలు చెలరేగగా 2004లో శాసనసభా సంఘము విచారణకు పూనుకొని, 2006లో ఒప్పందమును రద్దుచేయుడని సిఫారసు చేసెను. సిఫారసు కాగితముపై నిలిచెను; వ్యాజ్యములు నడచెను. ప్రత్యేక రాష్ట్రము వచ్చిన మరుసటి యేడు, 2015 డిసెంబరులో, మూడు మిల్లులును ఒక్కమారే ఆగిపోయెను. 2019లో కంపెనీ లిక్విడేషనుకు పోయెను. 2024లో తెలంగాణ ప్రభుత్వము పునరుద్ధరణ మార్గములు చూచుటకై సంఘమును నియమించెను.

మిల్లు ఆగిన పిమ్మట బోధను చుట్టుపట్ల చెరకు పొలములు తరిగిపోయెను. వదలని కొందరు లారీల కెత్తించి దూరపు మిల్లులకు తోలిరి. తక్కినవారు వరిలోనికి మారిరి. మంజీరా పారిన యేట నిజాంసాగరము కాలువ వెనుకటివలెనే వచ్చి, హైదరీ లెక్కకట్టిన చెరకు నేలలలో నాట్లకు నీరు పెట్టుచున్నది.